పెట్టెలో దొరికే పికప్పు, పెట్టెలో దొరకని మన కమాండర్



ట్రాక్టర్ల గురించి రాసిన పోస్టు చదివి పెదబయలు వైపు తమ్ముడొకడు ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, మా అన్న కొడుక్కి బళ్లంటే పిచ్చి. పాతకాలం పికప్ ట్రక్కు ప్లాస్టిక్ మోడల్ కిట్టు ఒకటి కొని పంపుదామనుకుంటున్నా. ముక్కలు వస్తాయట, మనమే అతికించుకోవాలట. చూస్తే బోలెడు రకాలున్నాయి. ఏది కొనమంటావు?"

చిన్న ప్రశ్నే. ఫలానాది కొనుక్కో అని ఒక ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ కిట్లు ఎక్కడ పుట్టాయి, ఎవరి కోసం పుట్టాయి అని చూస్తే కథ తిరిగి తిరిగి రైతు దగ్గరికే వచ్చింది. మన ఘాట్ రోడ్ల దాకా కూడా వచ్చింది. అందుకే పొడుగ్గా రాస్తున్నా. పొలం పని చూసుకుని తీరిగ్గా చదవండి.

ముందు కిట్టు అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. అసలు బండిని కొలిచి, ప్రతి ముక్కనీ ఒకే లెక్కన తగ్గించి, ప్లాస్టిక్‌తో అచ్చుపోస్తారు. ఇంజన్ వేరు, చాసీ వేరు, క్యాబిన్ వేరు, వెనక బాడీ వేరు, చక్రాలు వేరు. ఈ ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా అంటుకుని వస్తాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, అంచులు నున్నగా గీకి, కాగితం మీద బొమ్మలు చూసుకుంటూ అతికించి, రంగు వేసుకోవాలి. కొట్లో కొనే తోపుడు బొమ్మకీ దీనికీ తేడా అదే. దీన్ని బిగించినవాడికి బండి లోపల ఏది దేనికి పట్టుకుని ఉంటుందో తెలిసిపోతుంది.

మొదటి కిట్టుల్లో ఒకటి ట్రాక్టర్

ప్లాస్టిక్ కిట్లు 1936లోనే ఇంగ్లండులో వచ్చాయి. ఫ్రాగ్ పెంగ్విన్ అనే పేరుతో విమానాల కిట్లు అమ్మారు. కానీ ఈ వ్యాపారాన్ని మామూలు ఇళ్లలోకి తీసుకెళ్లిన పేరు ఎయిర్‌ఫిక్స్. హంగేరీ నుంచి వచ్చిన నికోలస్ కోవ్ అనే ఆయన 1939లో లండన్‌లో ఆ కంపెనీ పెట్టాడు. మొదట్లో గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేసేవారు. తర్వాత ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చులోకి నొక్కే యంత్రం తెచ్చుకుని దువ్వెనలు చేశారు.

1949లో ఆ దువ్వెనల కంపెనీ దగ్గరికి ఫెర్గూసన్ ట్రాక్టర్ వాళ్లు వచ్చారు. మా ట్రాక్టర్‌కి చిన్న మోడల్ చేసి పెట్టండి, మా అమ్మకం మనుషులు పట్టుకెళ్లి చూపించుకుంటారు అన్నారు. ఆ ట్రాక్టరే ఫెర్గూసన్ టీఈ20. చేసిన మనిషి హారీ ఫెర్గూసన్, ఐర్లండులో ఒక రైతు కొడుకు. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులోని కోవెంట్రీలో ఈ రకం ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి.

దాని గొప్పతనం వెనక వైపు ఉంది. అంతకుముందు ట్రాక్టర్లు నాగలిని బండి లాగినట్టు వెనక తగిలించుకుని లాగేవి. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడేది, డ్రైవర్ దాని కింద పడేవాడు. ఫెర్గూసన్ మూడు చోట్ల పట్టుకుని, హైడ్రాలిక్‌తో పైకీ కిందికీ లేచే అమరిక పెట్టాడు. ఈరోజు మనం త్రీ పాయింట్ లింకేజీ అనేది అదే. ఏ కంపెనీ ట్రాక్టర్ కొన్నా వెనక కల్టివేటర్ తగిలించేది ఆ పద్ధతిలోనే. ఫెర్గూసన్ పేరు కూడా మనకి కొత్త కాదు. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్‌తో కలిసి ట్రాక్టర్లు చేసింది. మైదానంలో రైతులు "మాసీ" అనే బండి అదే.

అసలు విషయానికి వస్తా. ఎయిర్‌ఫిక్స్ వాళ్లు ట్రాక్టర్ మోడల్‌ని మొదట తామే చేత్తో బిగించి ఇచ్చారు. బిగించడానికి కూలి ఎక్కువ పడింది. అదే విడి ముక్కలుగా పెట్టి, బిగించుకునే పని కొన్నవాడికే వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది కదా. అలాగే చేసి ఉల్వర్త్ అనే దుకాణాల్లో అమ్మకానికి పెట్టారు. తర్వాత ఓడలూ విమానాలూ వచ్చి ఆ కంపెనీ పెద్దదైంది. మొదలు మాత్రం రైతుకి ట్రాక్టర్ చూపించి అమ్మడానికి చేసిన చిన్న బొమ్మ.

అమెరికా రైతు పికప్పు

అమెరికాలోనూ ఇంచుమించు ఇదే దారి. కాకపోతే అక్కడ కథ పికప్పుతో నడుస్తుంది.

ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చిన కొత్తలో అక్కడి రైతులు దాని వెనక భాగం కోసేసి చెక్క పెట్టె బిగించుకునేవారు. కోళ్లు, పాల క్యాన్లు, గడ్డి మోపులు అందులో వేసుకుని బజారుకి పోయేవారు. ఊళ్లో కమ్మరీ వడ్రంగీ కలిసి ఒక్కో బండిని ఒక్కోలా చేసేవారు. ఇది చూసి ఫోర్డ్ కంపెనీయే 1925 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలోనే వెనక బాడీ బిగించిన బండిని దించింది. ధర 281 డాలర్లు. ఆ ఏడాది ఇంచుమించు 34 వేల బళ్లు అమ్మారు. పికప్ అనే రకం ఫ్యాక్టరీ నుంచి రావడం అక్కడ మొదలు. రైతు ముందు చేసి చూపించాడు, కంపెనీ తర్వాత నేర్చుకుంది.

యుద్ధం అయ్యాక 1947లో షెవర్లే కొత్త రకం పికప్పులు తెచ్చింది. అందులో 3100 అనే అరటన్ను బండికి బాగా పేరొచ్చింది. 1948లో ఫోర్డ్ ఎఫ్-1 వచ్చింది, 1953లో ఎఫ్-100. గుండ్రటి బానెట్టు, పెద్ద కళ్లలాంటి లైట్లు, వెనక చెక్క పలకలు పరిచిన బాడీ. సినిమాల్లో అమెరికా పల్లెటూరు చూపించినప్పుడు గడ్డివాము పక్కన ఆగి ఉండే బండి ఇదే. ఈరోజు కిట్టు పెట్టెల మీద కనపడే "క్లాసిక్ పికప్పు" కూడా ఎక్కువగా ఇవే.

1948లోనే డెట్రాయిట్ వైపు ఏఎంటీ అనే కంపెనీ పుట్టింది. ఫోర్డ్ డీలర్ల కోసం కొత్త కార్ల చిన్న మోడళ్లు చేయడం దాని పని. మొదట అల్యూమినియంతో చేశారు, పేరులో "ఏ" అందుకే. తర్వాత ప్లాస్టిక్‌కి మారారు. కారు కొనడానికి వచ్చినవాడికి రంగు చూపించడానికీ, వాళ్ల పిల్లాడి చేతిలో పెట్టడానికీ ఈ మోడళ్లు పనికొచ్చేవి. 1958లో అదే కంపెనీ ముక్కల కిట్లు తెచ్చింది. ఒకే పెట్టెలో మూడు రకాలుగా బిగించుకునే వీలు: ఫ్యాక్టరీ బండి ఎలా ఉంటుందో అలా, లేదా సోకులు చేసిన బండిగా, లేదా పందెం బండిగా. కుర్రాళ్లు ఎగబడి కొన్నారు.

రెండు దేశాల్లోనూ కిట్టు పుట్టింది అమ్మకం దారిలోనే. కంపెనీ దగ్గర డ్రాయింగులున్నాయి, మోడల్ చేయించే డబ్బుంది, కొనే కుర్రాళ్లున్నారు. అందువల్ల అక్కడి రైతు తాత నడిపిన బండి 70 ఏళ్ల తర్వాత కూడా మనవడి బల్ల మీద నిలబడి ఉంది.

మరి మన తాతలు ఎక్కిన బండి?

మన కొండల్లోకి బండి ఎలా వచ్చింది

మన ఏజెన్సీలో బరువు మోసింది ముందు మనిషి భుజమే. కావిడి, తలమూట, తర్వాత వర్తకుల గోనెలు మోసిన ఎద్దులు. రోడ్డు అనేది మనకి మంచి జ్ఞాపకంగా రాలేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనిలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం జనం చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ కోపం కూడా కలిసే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. ఆయన పేరే 2022 నుంచి మన జిల్లాకి ఉంది. రోడ్డు వేసింది మనవాళ్లు, ఆ రోడ్డు మీద బండెక్కే రోజు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

జీపు పుట్టుక యుద్ధంలో. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే చిన్న బండి కావాలంది. బాంటమ్ కంపెనీ మొదటి నమూనా చేసింది. పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి. 1941 నుంచి 1945 దాకా రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగుస్తుండగానే విల్లీస్ వాళ్లు సీజే-2ఏ అని సివిల్ జీపు తెచ్చారు. దాన్ని ఎవరికి అమ్మాలనుకున్నారో తెలుసా? రైతులకి. దున్నడానికి, లాగడానికి, పీటీవోతో మిషన్లు తిప్పడానికి పనికొస్తుందని ప్రచారం చేశారు. 1947లో దాని అన్నలాంటి జీపు పికప్పు ట్రక్కు కూడా వచ్చింది.

మన దేశంలో 1945 అక్టోబరు 2న మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార కంపెనీ మొదలైంది. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కి వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ 1940ల చివర్లోనే వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపుల పని మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ జీపులు అమెరికా నుంచి బండ్లుగా రాలేదు. విడి భాగాలుగా పెట్టెల్లో ఓడెక్కి వచ్చేవి. బొంబాయిలో మన కార్మికులు చాసీ పరిచి, ఇరుసులు పెట్టి, ఇంజన్ దించి, బాడీ బిగించి బండి చేసేవారు. అంటే మన దేశంలో జీపు మొదట కిట్టుగానే వచ్చింది. ఒకటికి ఒకటి లెక్కన నిజమైన కిట్టు. అలా బిగిస్తూ బిగిస్తూ ఏ ముక్క ఎలా చేయాలో నేర్చుకుని, తర్వాత ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. 1963లో అదే గుంపు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. ఆ ట్రాక్టర్ నుంచి వచ్చిన డీజిల్ ఇంజన్ పెట్టిన జీపులూ ఈ దేశంలో తిరిగాయి. ట్రాక్టర్ చప్పుడు తెలిసిన చెవికి పాత డీజిల్ జీపు చప్పుడు చుట్టంలా అనిపించిందంటే ఊరికే కాదు.

మన వైపు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. జోలాపుట్ జలాశయం, డుడుమ జలపాతం మనకి ఇంటి ముందు సంగతులే. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. సర్కారు జీపు, ప్రాజెక్టు జీపు, అటవీ శాఖ జీపు, జీసీసీ లారీ, మన కొండల్లో ఇంజన్ బండి అంటే చాలాకాలం ఇవే. అవి మన ముందు నుంచి పోయేవి, మనం ఎక్కేవి కావు.

మనం ఎక్కిన బండి తర్వాత వచ్చింది. అదే సర్వీసు జీపు, కమాండర్ జీపు. ముందు డ్రైవర్ పక్కన నలుగురు, వెనక ఎదురెదురు బల్లల మీద ఎంతమంది పడితే అంతమంది, వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు, పైన పసుపు బస్తాలు, చోళ్ల మూటలు, వలిసెలు, కోడిపుంజులు. పాడేరు నుంచి పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు, ఇక్కడి నుంచి జోలాపుట్, ఒనకఢిల్లీ సంత. బస్సు రాని చోటికి జీపు వచ్చేది. డోలీలో మోసుకొచ్చిన బాలింతని రోడ్డు మీద అందుకున్నది కూడా ఆ జీపే. అదే జీపు ఎక్కువ బరువుతో లోయలో పడి ఇళ్లు చీకటి చేసిన రోజులూ ఉన్నాయి. ఇంకో బండి లేక ఎక్కాం. మంచీ చెడ్డా రెండూ మన చరిత్రే.

తర్వాత 2005లో టాటా ఏస్ వచ్చింది. బొలేరో పికప్పులు వచ్చాయి. ఆటోలు వచ్చాయి. ఇప్పుడు మిరియాలు, రాజ్మా, కాఫీ గింజలు పోయేది వాటిలోనే. కమాండర్లు ఒక్కొక్కటీ పాకల వెనక్కి చేరాయి. కొన్నింటి మీద చిక్కుడు పాదు పాకింది. చాలావరకు ఇనుము తూకానికి పోయాయి, ఉన్నవీ పోతున్నాయి.

మీరు ఏ కిట్ల దుకాణంలో వెతికినా 1950 షెవర్లే దొరుకుతుంది, 1953 ఫోర్డ్ దొరుకుతుంది. మన ఘాట్లలో తిరిగిన ఆ పొడుగు కమాండర్ ముక్కల కిట్టుగా నాకు ఎక్కడా కనపడలేదు. తమ్ముడి ప్రశ్న ఏది కొనాలని. నేను అనేది, ఈ సంగతి తెలిసి కొనాలని.

కొలత లెక్క

ఇప్పుడు కొనే విషయం. పెట్టె మీద 1/24, 1/25, 1/35, 1/72 అని ఉంటుంది. అసలు బండి పొడుగుని ఆ కింది అంకెతో భాగిస్తే బొమ్మ పొడుగు వస్తుంది.

1/24 అంటే అడుగుకి అర అంగుళం. మన వడ్రంగికి చెబితే వెంటనే పట్టేస్తాడు. 1/72 అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం. విమానాలకి సరే, బండికి మరీ చిన్నది, పిల్లాడి వేళ్లకి అందదు. 1/25 అమెరికా పికప్పుల కొలత, 1/24కి ఇంచుమించు దగ్గరే. 1/35 కథ తమాషాగా ఉంటుంది. జపాన్‌లో షిజువోకా ఊళ్లో తమియా అనే కంపెనీ 1946లో కలప కోత మిల్లుగా మొదలైంది. చెక్క బొమ్మలు చేసింది. 1960లో ప్లాస్టిక్‌కి మారింది. తర్వాత ఒక యుద్ధ ట్యాంకు మోడల్‌లో మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెడితే అది 1/35 అయింది. బ్యాటరీ కోసం పెట్టిన కొలత ఇప్పుడు లోకమంతా వాడుతోంది.

విల్లీస్ జీపు ఇంచుమించు 11 అడుగులు. 1/35లో ఇంచుమించు మూడుముప్పావు అంగుళాలు వస్తుంది, అరచేతిలో పడుతుంది. 1/24లో అయిదున్నర అంగుళాలు. అమెరికా పికప్పు 16 అడుగుల దాకా ఉంటుంది, 1/25లో ఏడున్నర, ఎనిమిది అంగుళాలు. మొదటిసారి చేసే పిల్లాడికి 1/24 లేదా 1/25 మంచిది. ముక్కలు పెద్దవి, ఇంజన్ లోపల ఏముందో కంటికి కనపడుతుంది.

విత్తనం ప్యాకెట్టు లెక్కే

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్టు మీద కాయల ఫోటో చూసి కొంటామా? లాటు నంబరు, తేదీ, మొలక శాతం చూస్తాం. కిట్టు కూడా అంతే.

ఒకటి, పెట్టె కొత్తదైనంత మాత్రాన అచ్చు కొత్తది కాదు. 1960ల్లో చేసిన ఇనప అచ్చులనే ఇప్పటికీ వాడి, కొత్త బొమ్మ వేసిన పెట్టెలో అమ్ముతారు. అరిగిన అచ్చులో ముక్కల అంచులకి పల్చటి పొరలు వస్తాయి, అతుకులు సరిగ్గా కూర్చోవు. అలాగని పాత అచ్చంతా చెడ్డదనీ కాదు. ఓపిక ఉన్నవాడికి గీకుడు కాగితంతో సరిపోతుంది. పిల్లాడికి మొదటిదైతే కొత్త అచ్చుదే తీసుకోండి. కొనే ముందు ఆ కిట్టు మొదట ఏ ఏడాది వచ్చిందో వెతికి చూడండి.

రెండు, ఒక్కో కిట్టు జిగురుతో అతికించేది, ఒక్కోటి నొక్కితే పట్టేసేది. పదేళ్ల లోపు పిల్లలకి నొక్కేదే. జిగురు రకంలో వాడే ద్రవం మామూలు బంక కాదు. అది ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఒకసారి పట్టాక ఊడదీయలేం. దాని ఆవిరి మంచిది కాదు, తలుపులు తీసి, పెద్దవాళ్లు పక్కనుండి చేయించాలి. ఆ జిగురు, రంగులు చాలా పెట్టెల్లో ఉండవు. విడిగా కొనాలి, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

మూడు, మన వాతావరణం. వానాకాలంలో మన కొండల మీద గాల్లోనే నీళ్లుంటాయి. స్ప్రే రంగు కొడితే తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. ముక్కలు కత్తిరించి అతికించే పని వానాకాలంలో చేసుకోండి, రంగు మాత్రం సంక్రాంతి తర్వాత ఎండలు వచ్చాక వేయండి. నంబరు ప్లేటు, పేర్లు ఉండే నీటి స్టిక్కర్లు పాతబడితే ముక్కలైపోతాయి. పొడిగా దాచాలి.

మరి ఏది కొనాలి

మూడు దారులు చెబుతా.

అందమైన పాత పికప్పే కావాలంటే, ఏఎంటీ వాళ్ల 1953 ఫోర్డ్ పికప్పు గానీ 1950 షెవర్లే 3100 గానీ, రెవెల్ వాళ్ల 1950 ఫోర్డ్ ఎఫ్-1 గానీ, అన్నీ 1/25. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అమెరికా రైతు చరిత్ర చేతిలోకి వస్తుంది. తప్పేం లేదు, అతనూ రైతే.

రెండోది, ఈరోజు మన పనికి దగ్గరగా ఉండే బండి కావాలంటే జపాన్ చిన్న ట్రక్కు. అక్కడి రైతులు వరి మడుల మధ్య సన్న రోడ్ల మీద నడిపే బండ్లవి. చట్టం ప్రకారం పొడుగు 3.4 మీటర్లు దాటకూడదు, ఇంజన్ 660 సీసీ దాటకూడదు. అవోషిమా అనే కంపెనీ సుబారు సాంబార్ ట్రక్కుని 1/24లో చేసింది. చూస్తే మన టాటా ఏస్‌కి మేనత్త కొడుకులా ఉంటుంది.

మూడోది విల్లీస్ జీపు. తమియా 1/35లో చేస్తుంది, ఇటలీ కంపెనీ ఇటలేరి 1/24లో చేస్తుంది. అది సైన్యం బండే, పికప్పు కాదు. కానీ నన్నడిగితే తమ్ముడు ఇదే కొనాలి, అదీ 1/24ది. ఎందుకంటే మన కమాండర్ ఎముకలు ఇందులోనే ఉన్నాయి. నిచ్చెనలాంటి చాసీ, ముందూ వెనకా పట్టీల స్ప్రింగులు, నిటారు సందుల గ్రిల్లు, చదునైన మడ్‌గార్డులు. సైన్యం జీపు గ్రిల్లుకి తొమ్మిది సందులు, తర్వాతి సివిల్ జీపులకి ఏడు. పిల్లాడు దీన్ని ఒకసారి బిగిస్తే, ఊళ్లో పాక వెనక తుప్పు పట్టిన జీపు దగ్గరికి వెళ్లి ఏది ఏంటో తనే చెప్పగలడు.

ఆ తర్వాత పని కిట్టులో ఉండదు, మన చేతుల్లో ఉంటుంది. మన పిల్లలకి బండి చేయడం కొత్త కాదు. తాటి బుర్రలతో, అరిగిన చెప్పుల నుంచి కోసిన చక్రాలతో, కర్ర చక్రాలతో చేసుకునేవాళ్లే. ఆ పిల్లలకి ఒక టేపు ఇచ్చి మిగిలిన కమాండర్‌ని కొలిపించండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎంత, చక్రానికీ చక్రానికీ మధ్య ఎంత, నేల నుంచి బాడీ ఎత్తు ఎంత, వెనక బల్ల పొడుగు ఎంత. నోట్‌బుక్కులో రాసి, అడుగుకి అర అంగుళం లెక్కన గీయండి. అట్టతో బాడీ, వెదురు పుల్లలతో పైన క్యారేజీ, గుడ్డతో టాపు. చక్రాలకి ఏటికొప్పాక ఉంది కదా. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణె పట్టి, లక్క రంగులద్దే ఊరు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అర అంగుళం లెక్కన నాలుగు చక్రాలు తరిణె పట్టడం వాళ్లకి ఎంతసేపు పని?

అమెరికా పికప్పుని దాని కంపెనీ దాచింది, అమ్ముకోవడానికే అయినా దాచింది. మన కమాండర్ ఘాట్ల మీద ఎలా నడిచిందో, ఎంతమందిని మోసిందో, ఏ సంతకి ఏ మూటలు వేసుకెళ్లిందో కంపెనీ డ్రాయింగుల్లో ఉండదు. పైన కట్టిన క్యారేజీ, వెనక అతికించిన అదనపు మెట్టు, డ్రైవర్ ముందు తగిలించిన అమ్మవారి పటం, అవన్నీ మన మెకానిక్కులూ డ్రైవర్లూ చేసుకున్నవి. వాటిని చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. బండి తూకానికి పోయాక కొలవడానికి ఏమీ మిగలదు.

కాబట్టి తమ్ముడూ, 1/24 విల్లీస్ కిట్టు, నొక్కుడు కత్తెర, గీకుడు కాగితం, జిగురు, వీటితో పాటు ఒక టేపు కూడా కొని పంపించు. మిగతా అన్నలకి నా మాట ఒకటే. మీ ఊళ్లో పాత కమాండర్ ఇంకా ఉంటే, దాన్ని అమ్మేసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి, కొలతలు రాయండి, దాన్ని నడిపిన పెద్దాయన్ని కూర్చోబెట్టి ఏ ఏడాది ఏ రోడ్డు మీద తిరిగిందో అడగండి. నాకు పంపితే అన్నీ కలిపి ఇక్కడే పెడతాను. ఈ వానలు తగ్గి కోతలు అయ్యేలోపు ఒక్క బండి లెక్కయినా పూర్తిగా చేతికి రావాలి.